ఆవిడ ఆవిరికి వెళ్ళే గంట

కింద తలుపు తెరుచుకున్న చప్పుడు ఇంకా రాలేదు. రావాలి. ఆరు దాటింది, చర్చి గంట కొట్టి ఊరుకుంది, అయినా కింది అంతస్తులో హెల్వీ ముసలమ్మ గడియ తీసిన జాడ లేదు, రబ్బరు చెప్పులు మెట్ల గచ్చు మీద ఈడ్చుకుపోయిన చప్పుడు లేదు, లిఫ్టు మూలుగు లేదు. ఇల్పో చీకట్లో కుర్చీ అంచుకి జరిగి, రిమోట్ మీద బొటనవేలు పెట్టుకుని, చెవులు రెండూ నేలకి అప్పగించి కూర్చున్నాడు. ఎదురుగా గోడ నిండా తెర, తెర మీద పోయిన శనివారం ఆపిన చోటే నిలబడిపోయిన బొమ్మ: వానలో తడుస్తున్న ఇనుప వంతెన, దాని మీదకి రాబోతున్న రైలింజను దీపం, ఒక మూల హీరో భుజం. వారం రోజులుగా ఆ రైలు అతని తలలో అలాగే ఆగి ఉంది. మంచు సంగతి ఊరు ఊరంతటికీ ఒక్కసారే గుర్తొచ్చి, మంచు మీద జారని మేకుల టైర్లు వేయించుకోవడానికి అతను పనిచేసే టైర్ల కొట్టు ముందు వరస కట్టిన ఈ నవంబరు వారమంతా, నట్లు విప్పే గాలిగన్ను చెవిలో రొద పెడుతున్నంతసేపూ, అతను మోసుకు తిరిగింది ఈ వంతెననే. పక్క జాకీ దగ్గర పనిచేసే ఓస్మో ఆ సినిమా ఎప్పుడో చూసేశాడు, చూసినవాడు ఊరుకోడు, కాఫీ దగ్గర రోజూ గిల్లడమే. "చివర్లో వంతెన ఏమవుతుందో చెప్పనా?" అంటాడు. "చెప్పావంటే ఈ టైరు నీ మెడలో దండేస్తా" అంటాడు ఇల్పో. "వెయ్యి. రెండు గంటల సినిమాని వెనక్కి తిప్పుకుంటూ నెల్లాళ్ళు చూసేవాణ్ణి నిన్నే చూశాను, డాక్టరు రాసిచ్చిన మందులాగ వారానికో మోతాదు." వాడికేం, ఊరి బయట సొంత ఇల్లు, చుట్టూ అడవి, ఎంత మోత పెట్టినా కుందేలు తప్ప వినేవాడు లేడు.

ఈ గంట ఇల్పో బేరమాడి సంపాదించుకున్నది. మోత గురించి అపార్టుమెంటు మేనేజరు రెండుసార్లు ఫోన్ చేసి హెచ్చరించాడు, మూడోసారి ఫిర్యాదు వస్తే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనన్నాడు, ఫిర్యాదు చేసిందెవరో చెప్పనక్కర్లేదు, అతని నేల కింద ఉన్నది ఆవిడొక్కతే, ఆవిడ కింద మూతపడిన పూలకొట్టు. మర్నాడు మెట్ల దగ్గర ఎదురుపడింది, చంకలో తువ్వాలు, చేతిలో చెక్క బకెట్టు, ముఖం వేడికి ఎర్రగా ఉడికి, నెత్తిమీంచి ఇంకా ఆవిర్లు వస్తున్నాయి. "చూడబ్బాయ్," అంది, "శనివారం ఆరు నుంచి ఏడు దాకా నేను కింద నేలమాళిగలో, అందరం వంతులేసుకునే ఆవిరిగదిలో ఉంటాను. అది నా వంతు. నలభై ఏళ్ళ నుంచీ నాదే. ఆ గంటలో నువ్వు యుద్ధమే చేసుకో, నాకు వినపడదు. మిగతా వారమంతా మాత్రం నా బీరువాలో కప్పులు గలగలమనకూడదు." అతను తలూపాడు. మేనేజరుకి ఇంకో ఫోన్ వెళ్ళలేదు. వారంలో అన్ని గంటలుంటే గొంతెత్తడానికి అతనికి దక్కింది ఒక్కటి, అదీ ఒక ముసలమ్మ చెమట పట్టించుకునే గంట. అయినా దక్కింది కదా అనుకున్నాడు. చిన్నప్పుడు ఆ ఒక్కటి కూడా లేదు. నాన్నకి కాయితం మిల్లులో రాత్రి షిఫ్టు, పగలంతా నిద్ర, ఇల్లంతా ఉన్ని మేజోళ్ళ మీద నడవాలి. మెల్లగా, నాన్న పడుకున్నారు. చెంచా మెల్లగా పెట్టు. తలుపు మెల్లగా వెయ్యి. మెల్లగా నవ్వు అని కూడా అమ్మ ఒకసారి అంది, అది అతనికి బాగా గుర్తు, నవ్వు ఎలా మెల్లగా నవ్వాలో నేర్చుకోవడానికి అద్దం ముందు నిలబడ్డాడు. బళ్ళో అదే పాట, ఇంటిపేరు పెట్టి పిలిచి మరీ, కెత్తునెన్, గొంతు తగ్గించు. తగ్గించి తగ్గించి పదహారో ఏట బడే మానేశాడు. పెళ్ళయ్యాక భార్య మర్యుత్ అనడం మొదలుపెట్టింది, నువ్వు ఒక్క మాటైనా మాట్లాడవేం అని. మెల్లగా ఉండమని నేర్పినవాళ్ళు వేరు, ఎందుకు మెల్లగా ఉన్నావని నిలదీసేవాళ్ళు వేరు, మధ్యలో నలిగేది తను. కింద హెల్వీకేమయింది ఇవాళ? కావాలనే చేస్తోందా? గడియారం చూడగూడదనుకున్నాడు, చూశాడు, చూసి తిట్టుకున్నాడు.

వచ్చింది. తలుపు. గడియ, తాళం రెండు తిప్పులు, తర్వాత చెప్పులు. ఎంత మెల్లగా నడుస్తోందంటే ఒక్కో అడుగుకీ తన గంటలోంచి ఒక్కో ముక్క కోసుకుపోతున్నట్టుంది. లిఫ్టు కిందకి దిగి, అడుగున తగిలి ఆగిన చప్పుడు విని, నొక్కాడు. వాన ముందొచ్చింది. పైకప్పుకి బిగించిన స్పీకర్లలోంచి వాన, మొదటిసారి విన్న రోజున తల తడుముకున్నాడు తడిసిందేమోనని, ఆ తర్వాత ఎడమ నుంచి రైలు, కంటికి కనపడకముందే వెన్నులోకి వచ్చేసింది, ఊఫర్‌ స్పీకర్లోంచి నేలలోకి, నేలలోంచి కుర్చీ కాళ్ళలోకి, అక్కణ్ణుంచి పక్కటెముకల్లోకి. ఇంజను దీపం సూటిగా మొహం మీదకి తిరిగితే కళ్ళు చికిలించాల్సి వచ్చింది, అది తిరిగిపోగానే మళ్ళీ నలుపు, బూడిదరంగు కలవని నలుపు, నూతిలోకి తొంగిచూసినంత నలుపు. దానికోసం గదంతా నల్లరంగు వేశాడు, కిటికీకి మందపాటి గుడ్డ దిగ్గొట్టాడు. మర్యుత్ పూలకుండీలు వంటింట్లోకి పోయాయి, తర్వాత మర్యుత్ కూడా వంటింట్లోకే పోయింది, ఆ తర్వాత తుర్కు పట్నంలో ఉన్న వాళ్ళక్క దగ్గరికి. ఒకరోజు ఆమె పనినుంచి వచ్చేసరికి అతను నాలుగు కాళ్ళ మీద గది చుట్టూ పాకుతున్నాడు. ఊఫర్ ఎక్కడ పెడితే బాస్ బాగుంటుందో తెలియాలంటే, దాన్ని మనం కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, మనం నేల మీద పాకుతూ ఎక్కడ బాగా వినపడుతుందో వెతకాలి, ఆ చోటే దాని చోటు. ఈ పిచ్చి ఉన్న ప్రతివాడూ చేసేదే అది. ఆమె గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "కుర్చీలో అది, నేల మీద నువ్వు. సరిగ్గానే ఉంది" అని వెళ్ళిపోయింది. ఇంకోసారి, మైకు పెట్టి మోత కొలతలు తీస్తుంటే, గదిలో గుండె చప్పుడు కూడా ఉండకూడని వేళ, ఆమె ఏదో చెప్పబోయింది, అతను చెయ్యెత్తి ఆపాడు. ఏం చెప్పబోయిందో తర్వాత అడగలేదు. అడిగి ఉంటే? అడిగినా ఇదే అయ్యుండేది. రైలు వంతెనెక్కింది.

రైలు వంతెనెక్కింది, కప్పు మీద ఇద్దరు కొట్టుకుంటున్నారు, ఇనుము మీద బూటు, బూటు కింద వాన, వెనక హెలికాప్టరు గది చుట్టూ ఒక చుట్టు తిరిగి కుడిభుజం మీదుగా దిగింది, అద్భుతం, అంతా అద్భుతంగానే ఉంది, కానీ ఎక్కడో ఒక మూల ఏదో తక్కువగా ఉంది. ఎప్పుడూ ఉంటుంది. హెలికాప్టరు కుడి నుంచి వెనక్కి మళ్ళేటప్పుడు ఒక సందు ఉందా, అక్కడ మోత కాస్త పలచబడిందా, వెనక స్పీకర్ని ఒక్క అంగుళం లోపలికి తిప్పితే? వంతెన చూస్తున్నాడా, వంతెన ఎలా వినపడుతోందో కాపలా కాస్తున్నాడా, అతనికే తెలియదు. హీరో గుసగుసగా ఏదో అన్నాడు. ఏమన్నాడో. ఇప్పటి సినిమాల్లో బాంబులు అరుస్తాయి, మనుషులు గొణుగుతారు. గాలిగన్ను ముప్ఫై ఏళ్ళు తిన్న చెవులకి గొణుగుడు ఎక్కదు, బళ్ళో నేర్చిన ఇంగ్లీషు పదహారేళ్ళ దగ్గరే ఆగిపోయింది, పోనీ కింద ఫిన్నిష్ అక్షరాలు పెట్టుకుందామా అంటే ఆ తెల్లటి అక్షరాలు పడ్డచోటల్లా నలుపు చెడుతుంది. అందుకే తీసేశాడు. అక్షరాల్లేని నలుపు ఎంత హాయి. ఇంకో హాయి కరెంటు వైరు. వేసవిదాకా ఒక పీడ ఉండేది, సినిమా మధ్యలో, అదీ ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉన్న చోటే, స్పీకర్లలో 'టప్' మని పేలేది. ఒక శనివారానికి మూడు నాలుగుసార్లు. కింద ఆవిరిగదిలో కరెంటు పొయ్యి వెలిగి ఆరినప్పుడల్లా ఈ పాత ఇంటి తీగల్లో ఆ దెబ్బ పైదాకా వస్తుందని కనిపెట్టడానికి ఏడాది పట్టింది. ముసలమ్మ చెమట పట్టించుకున్నంతసేపూ తనకి టప్, టప్. చివరికి సెప్టెంబరులో ఔలు పట్నం వెళ్ళి, అక్కడి స్పీకర్ల దుకాణంవాడు మంత్రించినట్టు చేతుల్లో పెట్టిన పాము లావు వైరు, పైన వల అల్లినది, కొనుక్కొచ్చి తగిలించాడు. అంతే. ఆ రోజునుంచీ ఒక్క టప్ లేదు. ఓస్మోకి చెబితే పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు. "ఎక్కడో నదిమీద పుట్టిన కరెంటు, అడవులన్నీ మామూలు తీగలో దాటొచ్చి, నీ గుమ్మంలో ఆఖరి గజం పట్టుపంచె కట్టుకుందా?" నవ్వుకో అన్నాడు ఇల్పో. చెవులున్నవాడికి తెలుస్తుంది అన్నాడు. జీవితంలో ఒక్కసారి ఒక్క విషయంలో తను చేసింది సరిగ్గా పనిచేసింది, దాన్నెవరూ లాక్కోలేరు.

ఇప్పుడు ఆ చోటు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా చెప్పుకునే చోటు, దీనికోసమే వారమంతా. హీరో రైలు మీంచి నీళ్ళలో పడ్డాడు, మోతలన్నీ ఒక్కసారి తెగిపోయాయి, నీటి కింద నిశ్శబ్దం, నిశ్శబ్దమంటే ఖాళీ కాదు, గదికంటే పెద్దదైన నిశ్శబ్దం, చెవుల్లో ఒత్తుకునే నిశ్శబ్దం, పైన ఎక్కడో వంతెన దీపాలు ఊగుతున్నాయి, ఒక బుడగ పైకి పోతోంది, అతను ఊపిరి బిగబట్టాడు, హీరోతో పాటు తనూ నీళ్ళ కింద, ఎవరూ మెల్లగా ఉండమనని చోట,

టప్.

మొదట నమ్మలేదు. సినిమాలోదే అయ్యుంటుంది. వెనక్కి తిప్పి చూశాడు, బుడగ పైకి పోయింది, టప్ లేదు. ముందుకి పోనిచ్చాడు, హీరో నీటిపైకి తేలాడు, ఇంకో నిశ్శబ్దం, మళ్ళీ టప్. ఇల్పోకి చెవుల దాకా వేడెక్కింది. ఏం చేస్తోంది కింద? పొయ్యి బాగుచేయిస్తోందా, పగలగొడుతోందా, ఇన్నాళ్ళు లేనిది ఇవాళే ఎందుకు, అదీ ఇక్కడే ఎందుకు, వైరు పోయిందా, ఆ దుకాణంవాడు మోసం చేశాడా, వైరుకి ఏమీ కాలేదు, ఏదో మార్చారు కింద, తనకి చెప్పకుండా మార్చారు, ఈ ఇంట్లో ఏదీ తనకి చెప్పరు. లేచాడు. ఎప్పుడు లేచాడో తెలియదు, మేజోళ్ళతోనే మెట్ల మీదున్నాడు, లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు, మెట్లు రెండేసి దిగుతూ ఏమనాలో కూర్చుకుంటున్నాడు, ఒక గంట, మీరే ఇచ్చారు, ఒక్క గంట అడిగాను, ఆ గంటైనా, ఆపైన మాటలు దొరకలేదు, నేలమాళిగ తలుపు దొరికింది, తోశాడు.

బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద హెల్వీ కూర్చుని ఉంది. ఉన్ని కోటు, మెడకి శాలువా, చెవుల మీదకి టోపీ. ఒళ్ళో గళ్ళనుడికట్టు. ఆవిరిగది తలుపు బార్లా తీసి ఉంది, ఆవిడ కాళ్ళు రెండూ అటు చాపి ఉన్నాయి. పక్కన చెక్క బకెట్టు, దాని మీద మడత విప్పని తువ్వాలు. రెండూ పొడిగా ఉన్నాయి.

"ఏమిటలా ఊడిపడ్డావు? ఇల్లంటుకుందా?"

"పొయ్యి మీరు తిప్పారా?"

"నా వంతులో నేను కాకపోతే పిల్లి వచ్చి తిప్పుతుందా. ఇప్పుడే తిప్పాను. కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇవాళ రెండు జతల మేజోళ్ళు తొడుక్కునేసరికి ఆలస్యం కూడా అయింది."

అతను ఆవిడ కోటు చూశాడు, తువ్వాలు చూశాడు, పొయ్యి మీద నల్లగా చల్లగా ఉన్న రాళ్ళు చూశాడు. "మీరు ఆవిరి పట్టట్లేదు."

"లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆగస్టులో గుండెకి ఆ చిన్న గొట్టమేదో వేశారు చూడు, అప్పట్నుంచి. వేడి తగలకూడదన్నాడు ఆ కుర్ర డాక్టరు. నేను ఆవిరిగదిలోనే పుట్టాను నాయనా అంటే, అందులోనే పోతారు అన్నాడు. నోరు చూడు వాడికి."

ఆగస్టు. వైరు సెప్టెంబరులో. ఇల్పో ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, వేరే ఎలాగైనా పెట్టొచ్చేమోనని చూశాడు, కుదరలేదు. ఓస్మో నవ్వు ఎక్కడో వినపడింది. పాము లావు వైరు. చెవులున్నవాడికి తెలుస్తుంది.

"మరి ఇంట్లో ఉండొచ్చుగా," అన్నాడు. తిడుతున్నట్టే వచ్చింది మాట.

"ఉండి? పైన నువ్వు ఓడలు పగలగొడుతుంటే కింద నేను కప్పులు పట్టుకుని కూర్చోనా? ఆరు నుంచి ఏడు నీదని చెప్పాను. చెప్పాను కదా."

"చెబితే తగ్గించేవాణ్ణి."

"తగ్గించేవాడివే. తగ్గించి, ఆ గదిలో అటూ ఇటూ నడిచేవాడివి. నీ పెళ్ళాం వెళ్ళిపోయిన చలికాలం నడిచావు చూడు, తెల్లవార్లూ, కిటికీ దాకా, మళ్ళీ తలుపు దాకా. దానికంటే నీ బాంబులే నయం." ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "పైగా నేను వంతు వదిలేస్తే పొద్దున్నకల్లా మెట్ల దగ్గర మొదలెడతారు, హెల్వీ పని అయిపోయిందని. నువ్వెక్కడైనా నోరు జారావో, చూడు."

"నేనెవరితో మాట్లాడతాను."

"అదీ నిజమే."

అతనికి కోపం పోలేదు, పోవడానికి దారి లేదు, ఎటు తిప్పినా ఆవిడకి తగలట్లేదు, తిరిగి తనకే వచ్చి తగులుతోంది. ఎవరు చెయ్యమన్నారు ఇదంతా? బేరమనుకుని దర్జాగా కాళ్ళు చాపుకున్న గంట, కిందొక ముసలిది చలికి వణుకుతూ పడేసిన భిక్ష అని తేలితే, ఆ గంటలో మోగిన ప్రతి తుపాకీకీ ఇప్పుడు ఏం జవాబు చెప్పాలి? ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తిట్టుకోవడానికి తనకంటూ ఒక మనిషి ఉండేది. అదీ పోయింది. థాంక్స్ అనాలా? ఆ మాట గొంతులోకి వచ్చి, అక్కడెప్పుడూ ఎవరూ పోని దారి చూసి, వెనక్కి పోయింది.

"ఆ చేతిలో ఏమిటి?"

రిమోట్. పట్టుకునే దిగాడు. అప్పుడు గుర్తొచ్చింది, సినిమా ఆపలేదు. పైన ఖాళీ గదిలో, ఖాళీ కుర్చీ ముందు, వారమంతా దాచుకున్న వంతెన తనంతట తను నడిచిపోతోంది. పిచ్చివాడిలా కప్పు వైపు చూపించి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు.

"ఇక్కణ్ణుంచి పలుకుతుందా అది?"

"పలకదు."

"వెళ్ళు మరి. నీ గంట నడుస్తోంది. నేను ఇక్కడ కూర్చుని, నువ్వు అక్కడ కూర్చోకపోతే ఎవరికేం లాభం."

నిజమే, వెళ్ళాలి. మూడు అంతస్తులు, పరిగెడితే ఇంకా అందుతుంది. కానీ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటే, ఇక్కడ ఈ మేజోళ్ళు, ఈ పొడి తువ్వాలు, రెండూ తెర మీదే ఉంటాయి, ఏ నలుపూ వాటిని దాచదు. వెళ్ళకపోతే ఆవిడ పడ్డ చలి వృథా. ఎటూ కాకుండా బల్ల రెండో చివర కూర్చున్నాడు. చెక్క చల్లగా తగిలింది.

"ఎవరిని ఎవరు కొడుతున్నారు?" అంది హెల్వీ, కప్పు కేసి గడ్డం ఎత్తి.

"ఒకడున్నాడు. రైలు మీద. ఇంకొకడు వంతెన పేల్చాలని చూస్తున్నాడు."

"ఎందుకు?"

ఇల్పో ఆలోచించాడు. హెలికాప్టరు ఎటునుంచి ఎటు తిరిగిందో చెప్పగలడు, వాన ఏ స్పీకర్లోంచి కురిసిందో చెప్పగలడు, గుండు గాజును ముందు తాకిందో ఇనుమును ముందు తాకిందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. "ఒక పెట్టె ఉంది," అన్నాడు.

"పెట్టెలో ఏముంది?"

"తెలీదు. నెల్లాళ్ళుగా చూస్తున్నా, గొణుక్కుంటారు."

"నెల్లాళ్ళు చూశావు."

"చూశాను."

ఆవిడ నుడికట్టు గళ్ళ వైపు తల వంచుకుంది. అది ఓస్మో నవ్వుకంటే గట్టిగా తగిలింది. అంతలో వచ్చింది అది. సిమెంటులోంచి, నీళ్ళగొట్టాల్లోంచి, మూడు అంతస్తులు దిగి వచ్చింది. వాన లేదు, ఇనుప కమ్మీలు ఒక్కొక్కటే తెగుతున్న కూత లేదు, దీపాలు నీళ్ళలో పడ్డ తళుకు లేదు. ఎవరో పై ఇంట్లో పెద్ద బీరువా జరుపుతూ మధ్యలో వదిలేసినట్టు, ఒక మొద్దు చప్పుడు. తర్వాత ఇంకో రెండు, చిన్నవి. బకెట్టు పక్కన పెట్టిన నీళ్ళ తొట్టిలో నీళ్ళు కాస్త వణికి ఊరుకున్నాయి.

"అదేనా?" అంది హెల్వీ.

"అదే."

ఆవిడ కాసేపు చెవి ఒగ్గింది. "ఇంట్లో ఉంటే ఇంకా పెద్దగా ఉంటుంది," అంది, అతన్ని ఓదార్చడానికన్నట్టు. అతను మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళ గన్నుకి మొద్దుబారిన చెవులు రిక్కించి, ఆ మొద్దు చప్పుడులో వంతెన ఎక్కడుందో వెతుకుతున్నాడు. ఎంత వెతికినా బీరువానే. పొయ్యి ఎర్రబడి రాళ్ళు చిటపటమన్నాయి, కొద్దికొద్దిగా వేడి బల్లదాకా వచ్చింది.

"అయిపోయిందా?"

"లేదు," అన్నాడు ఇల్పో. "ఇంకోటి ఉండాలి."

"అయితే ఉండు," అంది ముసలమ్మ, నుడికట్టు మూసి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది, బాగా వినడానికి.